పద్నాలుగో జవాబు

మార్చి 4, సోమవారం

గొంతు పోయింది. పొద్దున్నుంచి అరవై కాల్స్ పైనే. సగం మంది మా కంపెనీ టానిక్కు పాలల్లో కలపాలా నీళ్ళల్లో కలపాలా అని, మిగతా సగం ఎన్నాళ్ళకి పనిచేస్తుంది అని. మేనేజరు నా వెనకాల నిలబడి, మాట్లాడకుండా, రెండు వేళ్ళతో తన బుగ్గలు పైకి లాగి చూపిస్తాడు. అంటే గొంతులో నవ్వు వినపడాలని. అందుకే మేమంతా ఆయన్ని చిరునవ్వు అంటాం. ఆయన నవ్వగా మాత్రం ఎవరూ చూడలేదు.

భోజనాల గంటలో ఇది రాస్తున్నాను. ఇంట్లో రాస్తే అమ్మ "ఏం రాస్తున్నావే" అని మెడమీదికి వచ్చేస్తుంది. రాసుకోమని చెప్పింది కిడ్నీ డాక్టరమ్మ, అప్పుడు, ఆపరేషన్ అయ్యాక. "ఇచ్చినవాళ్ళకీ దిగులుంటుందమ్మా, ఏదో ఒకటి రాసుకో" అంది. ఏడాదిన్నర తర్వాత మొదలుపెట్టాను. నా సంగతి ఎప్పుడూ అంతే.

దిగులేమీ లేదు. అలసట. నాకు మిగిలిన కిడ్నీ బాగానే పనిచేస్తోందట. తమ్ముడికిచ్చింది, వాడి పొట్టలో కుడివైపున, అదీ బాగానే పనిచేస్తోందట. బాగాలేనిది వాటిని మోస్తున్న మనుషులే.

మార్చి 7

తమ్ముడికి మళ్ళీ జలుబు. మూడు నెలల్లో ఇది ఐదోది. మందులకి మొహం గుండ్రంగా ఉబ్బింది, దాని మధ్యలో ఎర్రటి ముక్కు. చూస్తే నవ్వొచ్చింది. నేను నవ్వితే వాడూ నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఇక మొదలు. "రోగం తగ్గడానికి మందిస్తారని విన్నాం గానీ, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గడానికి మందిస్తారని ఎక్కడైనా విన్నామా?"

డాక్టరమ్మ అమ్మకి మూడుసార్లు విడమరిచి చెప్పింది. ఒంట్లో కాపలావాళ్ళుంటారు, అది అక్క కిడ్నీ అని వాళ్ళకి తెలియదు, పరాయిదనుకుని మీద పడతారు, అందుకని వాళ్ళని కాస్త మత్తులో ఉంచాలి. పొద్దున ఎనిమిదికో మాత్ర, సాయంత్రం ఎనిమిదికో మాత్ర, బతికున్నన్నాళ్ళూ. కాపలా మత్తులో ఉంటే దారినపోయే జలుబులన్నీ లోపలికి వస్తాయి, అది తప్పదు. అమ్మ మూడుసార్లూ తలూపింది. ఇంటికొచ్చాక "పాపం బాగా చదువుకుంది గానీ, ఆవిడకి పిల్లలున్నట్టు లేరు" అంది.

తమ్ముడు మాత్రం మాత్ర ఒక్కటి తప్పలేదు. ఫోన్లో రెండు అలారాలు, అవి మోగకముందే చేతిలో మాత్ర. పన్నెండేళ్ళు డ్రైవింగ్ నేర్పినవాడు. నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో కూచుని, తన వైపున్న ఇంకో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఊరంతా తిరిగినవాడు. ఇప్పుడు టీవీలో కారు మలుపు తిరిగినా వాడి కాలు సోఫా కింద నేలని తొక్కుతుంది.

మార్చి 12

ఆఫీసులో మాకిచ్చే నెల కోటా టానిక్కు వచ్చింది, రెండు సీసాలు. పదకొండేళ్ళుగా మోసుకొస్తున్నాను. ఈ పదకొండేళ్ళలో నేను తాగింది రెండు చెంచాలు. సంచీ కింద పెట్టకముందే తమ్ముడు, "అక్కా, చక్కెర నీళ్ళొచ్చాయా?"

ఆ పేరు నేను పెట్టిందే. చేరిన కొత్తలో అన్నాను, ఇందులో చక్కెరా నీళ్ళూ రంగూ తప్ప ఏమీ లేదురా, తాగినా ఒకటే పారబోసినా ఒకటే అని.

అమ్మ ఆ మాట వినదు. ఆవిడకి టానిక్కు మీద కన్నా నా గొంతు మీద నమ్మకం. కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే ముందు వినపడే రికార్డింగు నాదే. "మీ శరీర రక్షణశక్తికి రోజూ రెండు చెంచాల తోడు." నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఊసుపోక ఆ నంబరుకి చేసి, అది విని, పెట్టేస్తుంది. ఒకసారి లైను నాకే కలిసింది. "ఏమీ లేదే, నీ గొంతు బాగుందనీ" అంది. వెనకాల చిరునవ్వు బుగ్గలు లాగుతూ నిలబడి ఉన్నాడు.

మార్చి 15, శుక్రవారం

మీటింగు. టానిక్కు మారిందట. మూడో అంతస్తు నుంచి ల్యాబాయన దిగివచ్చాడు. తెల్లకోటు మనిషి, మాట తక్కువ. కాగితం చూసి చదివాడు గానీ మధ్యలో తలెత్తి, "ఇన్నాళ్ళదీ ఇదీ ఒకటి కాదండీ. ఇందులో వేసిన సారం రక్షణకణాల్ని నిజంగానే రెచ్చగొడుతుంది. మేం చూశాం" అన్నాడు. నిజంగానే అన్న దగ్గర చిరునవ్వు దగ్గాడు. మేమంతా ఘొల్లుమన్నాం. ల్యాబాయన చెవులు ఎర్రబడ్డాయి.

జవాబుల కార్డులు కొత్తవి పంచారు. అడిగే ప్రతి ప్రశ్నకీ అందులో నంబరు, నంబరుకో జవాబు. దాటి మాట్లాడకూడదు. పద్నాలుగోది: అవయవమార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడవచ్చా? పాత కార్డులో "దయచేసి మీ వైద్యుణ్ణి సంప్రదించండి" అని ఉండేది. ఇప్పుడు "వాడకూడదు" అని ఉంది. కార్డు మొత్తం మీద ఇంత పొట్టి జవాబు ఇంకోటి లేదు.

పక్కసీటావిడ కార్డు చూసి, "ఇది మీ తమ్ముడి ప్రశ్న కదండీ" అంది.

"అవును. వాడు తాగడుగా" అన్నాను.

తలా రెండు కొత్త సీసాలు ఇచ్చారు, ఎర్ర మూతవి. సంచీలో వేసుకొచ్చాను. అలవాటు.

మార్చి 19

ఎర్రమూత సీసా పావువంతు తగ్గింది. అమ్మ తాగుతోంది కాబోలు. మంచిదే. ఆవిడకీ అరవై ఎనిమిది.

మార్చి 20

ఇంకా తగ్గింది. ఆవిడ అన్ని చెంచాలు తాగుతుందా?

మార్చి 22

పొద్దున స్నానం చేసి వస్తుంటే, వంటింట్లో అమ్మ నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. తమ్ముడి గ్లాసు, వాడి పాలు. చెంచా గలగల. మూత తిప్పిన చప్పుడు. ఆవిడ తిరిగి చూసేసరికి నేను గదిలోకి వెళ్ళిపోయాను.

చూశాను అని రాయాలా? చూసినట్టనిపించింది. ఆ వంటింట్లో వెలుతురు తక్కువ.

అదే అయినా, ఏముంది అందులో. పదకొండేళ్ళుగా లేనిది ఈ నెల ఎక్కడి నుంచి వచ్చి పడుతుంది? ప్రతి రెండేళ్ళకీ "సరికొత్త" అంటారు. ఒకసారి సీసా ఆకారం మార్చి సరికొత్త అన్నారు. ఇప్పుడు అమ్మని అడిగితే యుద్ధం. డాక్టర్లు వాడి శక్తి తగ్గిస్తుంటే మనం పెంచొద్దా అంటుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. తమ్ముడు నా వైపు, అమ్మ తన వైపు, మధ్యలో నాకు ఎనిమిదిన్నర బస్సు.

మార్చి 23

చక్కెర నీళ్ళు.

మార్చి 29

రెండు వారాలుగా వాడికి జలుబు లేదు. ముక్కు మామూలు రంగుకి వచ్చింది. ఈ రోజు డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి కూచుని వచ్చాడు. ఊరికే చూడ్డానికి వెళ్ళి, ఒకావిడ రివర్సు చేయలేక ఏడుస్తుంటే ఆగలేక పక్కసీట్లో ఎక్కాడట. "గోడ బతికిపోయిందక్కా" అన్నాడు. రెండేళ్ళ తర్వాత ఆ మాట తీరు విన్నాను. అమ్మ మొహంలో ఒక రకం గర్వం. నా వైపు చూసి వెంటనే చూపు తిప్పేసుకుంది.

నాకూ సంతోషంగానే ఉంది. ఎందుకు ఉండకూడదు?

ఏప్రిల్ 5, శుక్రవారం

ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. మెల్లగా మాట్లాడాడు, పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు. "మా ఆవిడకి కిడ్నీ మార్చారమ్మా, నీరసంగా ఉంటోంది. మీ టానిక్కు పట్టొచ్చా?"

పద్నాలుగు. "వాడకూడదండీ."

"కొద్దిగా కూడానా?"

అది కార్డులో లేదు. "కొద్దిగా కూడా వద్దండీ" అన్నాను.

"సరేనమ్మా. మీ గొంతు వింటే నమ్మబుద్ధేస్తుంది" అని పెట్టేశాడు.

తర్వాత మంచినీళ్ళు తాగాను. ఇంకో కాల్ తీసుకున్నాను. ఇంకోటి.

సాయంత్రం చెబుదామనే ఇంటికి వెళ్ళాను. తమ్ముడు రెండోసారి అడిగి అన్నం పెట్టించుకుంటున్నాడు. వాడు అలా అడిగి ఎన్నాళ్ళయింది. అమ్మ గరిట పట్టుకుని నిలబడి చిన్నపిల్లలా మురిసిపోతోంది. రేపు చెబుతాను.

ఏప్రిల్ 6

చెప్పలేదు. ఆదివారం తీరిగ్గా చెబుతాను.

ఏప్రిల్ 7, ఆదివారం

తమ్ముడు డ్రైవింగ్ స్కూలు కారు అడిగి తెచ్చాడు. నెత్తిన బోర్డు, ముందూ వెనకా పెద్ద ఎర్ర అక్షరం. అమ్మ వెనక సీట్లో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని రాణీగారిలా కూచుంది. నన్ను స్టీరింగు ముందు కూచోబెట్టాడు. "నలభై రెండేళ్ళొచ్చాయి, ఇప్పుడైనా నేర్చుకోవే" అంది అమ్మ. నేను క్లచ్చు వదిలినప్పుడల్లా కారు ఎగిరింది, అమ్మ అరిచింది, వాడు నవ్వాడు. కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు.

ఇలాంటి రోజు ఎవరైనా చెబుతారా.

ఏప్రిల్ 16

వాడు సాక్స్ విప్పితే కాళ్ళ మీద అచ్చు పడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గానీ నిండలేదు. పొద్దుటి నుంచీ కారులోనే ఉన్నా కదక్కా, అందుకే అన్నాడు. అవును, కూచుంటే పడుతుంది. నాకూ పడుతుంది.

నాకు పడదు.

ఏప్రిల్ 19, శుక్రవారం. ఆసుపత్రి, మెట్ల దగ్గర

నెలవారీ పరీక్ష. కిడ్నీ పాడైతే రక్తంలో పెరిగే క్రియాటినిన్, పోయిన నెల ఒకటి పాయింటు మూడు. ఈ రోజు మూడు. డాక్టరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఇంటికి పంపను, చేరండి" అంది. రిజెక్షన్ అనుమానమట. కాపలావాళ్ళు లేచారు. రేపు సూది పెట్టి కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తారు.

నా కిడ్నీలోంచి. వాడి కిడ్నీలోంచి. ఏమనాలో తెలియడం లేదు.

ముగ్గురం ఆవిడ ముందు కూచున్నాం. "బయటివేమైనా వాడుతున్నారా? పొడులు, టానిక్కులు, ఎవరైనా ఇచ్చినవి?"

తమ్ముడు లేదన్నాడు. అమ్మ, "మీరిచ్చినవి తప్ప ఏ మందూ లేదమ్మా" అంది. ఆ మాట అంటూ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆవిడకి నా ఉద్యోగం ఏ కంపెనీలోనో తెలియదు. ఏదో ఫోన్ల ఆఫీసు అని చెప్పానంతే, సిగ్గుపడి.

నేను తల అడ్డంగా ఊపాను.

ఊపాను. ఎందుకు ఊపానో రాయాలి కదా, అందుకేగా ఇది. అమ్మ ముందు ఎలా చెప్పను అనుకున్నాను. తర్వాత ఒంటరిగా చెబుదామనుకున్నాను. ముక్క తీసి చూస్తారుగా, వాళ్ళకే తెలుస్తుంది అనుకున్నాను. ఇవన్నీ నిజమే. కానీ ముందు అనుకున్నది ఇవేవీ కాదు. "నువ్వు ఉండి కూడానా?" అని ఆవిడ అడుగుతుందని. అదే ముందు అనుకున్నది.

ఏప్రిల్ 20

రిజెక్షనే. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

అమ్మ ఫ్లాస్కులో పాలు తెచ్చింది. మూత తీస్తే వాసన తెలిసిపోయింది, తియ్యగా, వగరుగా. పదకొండేళ్ళుగా నా చీరలకి పట్టిన వాసన. గ్లాసు తీసుకొస్తానని వెళ్ళి ఫ్లాస్కు వాష్‌బేసిన్‌లో వంపేశాను. చేయి జారిందమ్మా అన్నాను. "అయ్యో, పోనీలే, రేపు తెస్తాలే" అంది.

ఇంటికెళ్ళి మిగిలిన సీసాలు తీసుకెళ్ళి ఆఫీసు సొరుగులో పడేశాను. సాయంత్రం అమ్మ, "సీసాలేవే?"

"కంపెనీవాళ్ళు వెనక్కి తీసుకున్నారు."

"ఓహో" అంది. నన్ను అనుమానించలేదు. తనను నేను అనుమానిస్తున్నానని కూడా అనుకోలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూచుని కూరగాయలు తరిగాం.

ఇక ఆగిపోయింది కదా. ఇక చెప్పాల్సిన పనేముంది?

ఏప్రిల్ 22, సోమవారం

మొన్న తీసిన రక్తం రిపోర్టు వచ్చింది. మాత్ర రక్తంలో ఉండాల్సినంత లేదట, సగం కూడా లేదట. డాక్టరమ్మ ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఈ రోజు పెంచింది.

"మాత్రలు ఎన్ని రోజులు ఎగ్గొట్టారు?"

"ఒక్కటి కూడా లేదు డాక్టర్."

"రక్తం అబద్ధం చెప్పదండీ. ఒంట్లో కాస్త బాగున్నట్టనిపించగానే మానేస్తారు, అందరూ చేసే పనే. ఆ కిడ్నీ ఇచ్చిన మనిషి మీ పక్కనే నిలబడి ఉంది, ఆమె మొహం చూసైనా వేసుకోవాలి కదా."

వాడు నా మొహం చూశాడు. నేను మంచం కింద చెప్పులు చూశాను.

ఆవిడ వెళ్ళిపోయింది. వాడు ఫోన్ తీసి అలారాలు చూసుకున్నాడు. మాత్రల అట్టలు సంచీలోంచి తీసి, ఖాళీ గుంటలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "సరిపోయాయక్కా" అన్నాడు. ఇంకాసేపటికి, "ఏమో, తీసి ఎక్కడైనా పెట్టి మర్చిపోయానేమో. స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టాక హడావుడిలో..." అన్నాడు. "నేనే చేసి ఉంటా. నీ కిడ్నీ పాడుచేశానక్కా."

వాడు. మాత్ర ఒక్కటి తప్పనివాడు.

ఏప్రిల్ 23

చెప్పాను.

పొద్దున ఏడింటికి డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాను. ఆవిడ తాళం తీస్తుండగానే మొదలుపెట్టాను, లేకపోతే లోపలికి వెళ్ళి కూచునేలోపు నా ధైర్యం జారిపోతుందని. వాడు ఒక్క మాత్ర తప్పలేదని, అమ్మ నెల రోజులు పాలల్లో కలిపిందని, ఏ కంపెనీదో, ఆ కంపెనీలో నేను ఏంచేస్తానో. ఆవిడ తాళంచెవి చేతిలోనే పట్టుకుని వింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"నిన్న" అన్నాను.

అంత చెప్పినదాన్ని ఆ ఒక్కటి చెప్పలేకపోయాను.

అందులో ఏముందో వెంటనే కావాలంది. ల్యాబాయనకి ఫోన్ చేశాను. పదార్థాల జాబితా రెండు నిమిషాల్లో పంపాడు. విషయమంతా చెప్పాను. "పద్నాలుగో జవాబు మార్పించడానికి నెలరోజులు పోట్లాడానండీ. అమ్మకాలు తగ్గుతాయన్నారు. ఒక్క ఇంట్లోనైనా ఆగుతుందని పెట్టించాను" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఆ రోజు మీటింగులో ఆయన్ని చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

డాక్టరమ్మ జాబితా చదివింది. ఆ సారం ఒకవైపు కాపలావాళ్ళని లేపుతుందట, ఇంకోవైపు మాత్ర మందుని ఒంట్లో నిలవనివ్వదట. ఆ జలుబులు ఆగిపోయింది అందుకే, ఆ ఆకలి, ఆ నవ్వు. కాపలావాళ్ళు లేచి తిరుగుతున్నందుకే. అదంతా చూసి మేం మురిసిపోయాం.

ఇంజెక్షన్ మార్చారు. డాక్టరమ్మ తమ్ముడి మంచం దగ్గరికి వెళ్ళి, నిలబడి, "నిన్న మిమ్మల్ని అనకూడని మాట అన్నాను" అంది. తర్వాత అమ్మని లోపలికి పిలిచింది.

అమ్మ బయటికొచ్చి బల్ల మీద కూచుంది. "అది మందు కాదుగా, టానిక్కేగా అనుకున్నానే" అంది.

ఏప్రిల్ 26

రెండు పాయింటు ఏడు.

ఏప్రిల్ 28

రెండు పాయింటు ఒకటి. అక్కడే ఆగింది.

డాక్టరమ్మ చెప్పింది, గండం గడిచింది గానీ కిడ్నీ మీద మచ్చలు పడ్డాయి, అవి పోవు. పదిహేనేళ్ళు వస్తుందనుకున్నది ఐదేళ్ళు రావచ్చు, ఎక్కువా రావచ్చు, తక్కువా రావచ్చు. మళ్ళీ అవసరమైతే ఎవరివ్వాలి? అమ్మకి వయసు దాటింది. నా దగ్గర ఇంకోటి లేదు.

ఏప్రిల్ 30

ఆఫీసు. ఎనభై ఒక్క కాల్స్. పద్నాలుగో ప్రశ్న ఎవరూ అడగలేదు. అడక్కపోయినా ప్రతివాళ్ళనీ నేనే అడిగాను, ఇంట్లో అవయవమార్పిడి చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. చిరునవ్వు వచ్చి, "అడగని దానికి జవాబు చెప్పకండి మేడం" అన్నాడు. బుగ్గలు లాగలేదు. నేను విననట్టు ఇంకో కాల్ తీసుకున్నాను.

మే 2, గురువారం

వాడిని ఇంటికి తెచ్చాం. అమ్మ ఆటోలో ముందు వెళ్ళింది సామాన్లతో. వాడూ నేనూ డ్రైవింగ్ స్కూలువాళ్ళు పంపిన కారులో, వెనక సీట్లో.

దారిలో వాడే మాట ఎత్తాడు. "అమ్మని ఏమీ అనకక్కా. నాకు రెండో రోజే తెలిసింది, పాలు తేడాగా ఉన్నాయని. నీ టానిక్కే అయ్యుంటుందనుకున్నా. చక్కెర నీళ్ళే కదా, ఆవిడ తృప్తి ఆవిడది అని తాగేశా."

"డాక్టరమ్మ అడిగితే లేదన్నావేం?"

"అది లెక్కలోకి వస్తుందనే అనుకోలేదు. అయినా సీసా తెచ్చేది నువ్వు. ప్రమాదమైతే నువ్వు ఊరుకోవుగా."

అప్పుడు చెప్పాను. డ్రైవరు వింటాడని గొంతు తగ్గించి, కిటికీ వైపు తిరిగి. వంటింట్లో చూశానని, తేదీ కూడా చెప్పాను. పద్నాలుగో జవాబు మారిందని నాకు అంతకు వారం ముందే తెలుసునని. ఎవరో ముసలాయనకి కొద్దిగా కూడా వద్దని చెప్పి ఇంటికి వచ్చి నోరు మూసుకున్నానని.

రెండు సిగ్నళ్ళు దాటాయి. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. వాడికి కోపం వచ్చింది, వచ్చినట్టు తెలిసింది, దవడ కదులుతోంది. నేను కిడ్నీ ఇచ్చినదాన్నని దిగమింగుకుంటున్నాడు. అది భరించడం తిట్టు తినడం కన్నా కష్టంగా ఉంది.

మా వీధి మలుపులో, "అమ్మకి చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"చెప్పు. ఆవిడ తినడం లేదు."

మే 3

చెప్పలేదు.

అమ్మ నిజంగానే తినడం లేదు. కూచుంటుంది, రెండు ముద్దలు కలుపుతుంది, కడుపులో బాగాలేదని లేచిపోతుంది. జాకెట్టు చేతులు వదులైపోయాయి. తమ్ముడి పాలు కాగుతుంటే వంటింట్లోకి రాదు. గ్లాసు ముట్టుకోదు. వాడికి మంచినీళ్ళు కావాలన్నా, "పెద్దదానా, నువ్వివ్వు" అని నన్ను పిలుస్తుంది. నా ముందుకి వస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడుతుంది. నిన్న నా నడుము పక్కన, కుట్టు ఉన్న చోట చీర మీద చేయి వేసి, "నువ్వు కోయించుకుని ఇచ్చినదాన్ని నా చేతుల్తో పాడుచేశానే" అంది.

ఊరుకో అమ్మా అన్నాను. తెలియక చేశావు అన్నాను. పుణ్యాత్మురాలిలా ఓదార్చాను.

మే 5, ఆదివారం

ఇంట్లోనే రాస్తున్నాను, హాల్లో, అమ్మ కనపడే చోట. ఏం రాస్తున్నావని అడగలేదు.

పొద్దున తమ్ముడు నిద్రలేవక ముందు, బట్టలు మడత పెడుతుంటే చెప్పాను.

"అమ్మా, నేను చూశాను."

"ఏం చూశావ్?"

"నువ్వు పాలల్లో కలపడం. మార్చిలోనే చూశాను."

తువ్వాలు సగం మడతలో ఆగింది. "మార్చిలోనా?"

"నువ్వు కలపడం మొదలుపెట్టిన వారంలోనే."

"చూసి?"

"చూసి ఊరుకున్నా."

"నాకు తెలియదే. నాకేం తెలుసు, చదువా సంధ్యా. నీకు తెలుసుగా. ఎందుకే ఊరుకున్నావ్?"

"అందులో ఏమీ లేదనుకున్నానమ్మా."

అమ్మ నా మొహంలోకి చూసింది. కొత్తమనిషిని చూసినట్టు. "లేదనుకున్నావా? మరి పొద్దస్తమానం ఆ ఫోన్లో ఊరందరికీ ఉందని చెబుతావుగా. పదకొండేళ్ళ నుంచి చెబుతున్నావుగా. నేను విన్నానుగా."

నేను ఇంకో చొక్కా తీసి మడత పెట్టబోయాను.

"అబద్ధమా అదంతా?"

"నాకు తెలియదమ్మా. చెప్పీ చెప్పీ నాకు తెలియడం మానేసింది."

"అలిసిపోయాను అంటావు. ఎప్పుడడిగినా అదే అంటావు. నోరు తెరిచి 'అమ్మా, వద్దు' అనడానికి ఎంత అలసటే? రెండు మాటలు!" గొంతు పెరిగింది. తమ్ముడు లేచాడని తెలుసు, లోపల మంచం కిర్రుమంది. వాడు బయటికి రాలేదు. "డాక్టరమ్మ చెప్పి పన్నెండు రోజులు! పన్నెండు రోజుల నుంచి నేను, నేనొక్కదాన్నే నా బిడ్డని..." అని ఆగిపోయింది. తువ్వాలు నా ఒళ్ళోకి విసిరింది. "నాతో మాట్లాడకు" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

ఏడుస్తుందనుకున్నాను. గిన్నెలు చప్పుడయ్యాయి. మూతలు కింద పడ్డాయి, ఎత్తిన చప్పుడు లేదు. కాసేపటికి కంచం పట్టుకుని వచ్చి, నాకు ఎదురుగా నేల మీద కూచుంది. రాత్రి మిగిలిన అన్నం, పెరుగు. తినడం మొదలుపెట్టింది. కోపంగా, గబగబా, తల ఎత్తకుండా, నోట్లోది మింగకముందే ఇంకో ముద్ద. ఒకసారి పొలమారింది. నీళ్ళు ఇవ్వబోయాను, చేయి తోసేసి తనే అందుకుని తాగింది. మళ్ళీ తింది. కంచం ఖాళీ అయ్యాక లేచి వెళ్ళి ఇంకా పెట్టుకొచ్చింది.

నాకు పెట్టలేదు. తినవే అని అనలేదు. నేనే వెళ్ళి కంచంలో ఇంత పెట్టుకుని వచ్చి ఆవిడ ఎదురుగా కూచున్నాను. నా వైపు చూడలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.